మాట పూర్తయ్యేదాకా

మంగళగిరి నుంచి ఫోనొచ్చినప్పుడు మా అమ్మ గుంటూరులో మా వంటింటి గుమ్మంలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమెలు తీస్తోంది. డెబ్బై దాటినా ఆ పని ఇంకొకరికి ఇవ్వదు. "టీచరుగారు పోయారంటమ్మా, పొద్దున్నే" అన్నాను. అమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కళ్లు తుడుచుకోబోయి, వేళ్లకు కారం ఉందని గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకుంది.

"ఆ మహాతల్లే లేకపోతే మీ నాన్న ఇవాళ్టికీ కడుపునొప్పితో పోయినట్టే ఉండేవాడు" అంది.

మా నాన్న కడుపునొప్పితో పోలేదు. ఆ సంగతికి వస్తాను. ముందు టీచరుగారి చెయ్యి గురించి చెప్పాలి.

ఆవిడని తల్చుకుంటే నాకు ముఖం కంటే ముందు కుడి అరచెయ్యి కనిపిస్తుంది. భుజం ఎత్తుకు లేపి, వేళ్లు దగ్గరగా చేర్చి పట్టేవారు, దీపానికి గాలి తగలకుండా అడ్డం పెట్టినట్టు. ఒకళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఇంకొకళ్లు దూరబోతే చాలు, ఆ చెయ్యి లేచేది. మాట్లాడేవాళ్లు నీళ్లు నమిలితే "పూర్తి చెయ్యమ్మా" అనేవారు. క్లాసులోనే అనుకునేరు, అంగట్లోనూ అంతే, బస్సులోనూ అంతే. ఒకసారి చీరాల బస్సులో కండక్టరు ఒక ముసలాయన మీద అరుస్తుంటే, "ఆయన ఎక్కడికి వెళ్లాలో చెప్పబోతున్నారండీ, ఊరి పేరు పూర్తి కానివ్వండి" అన్నారు. కండక్టరు నోరు మూసుకున్నాడు. తీరా చూస్తే ఆ ముసలాయన ఎక్కాల్సింది వేరే బస్సు.

పర్చూరు పక్కన మా ఊరు. మిషను వాళ్లు ఎప్పుడో పెట్టిన హైస్కూల్లో ఆవిడ తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెప్పేవారు. సన్నంచు మంగళగిరి చీర, నల్లగొడుగు, చేతిలో ఒక చెక్క స్కేలు. స్కేలు ఎవర్నీ కొట్టడానికి కాదు, బోర్డు మీద గీతలు గీయడానికి. వాళ్ల నాన్న మా చుట్టుపక్కల చేలల్లో మిరపకాయలు కోసిన కూలీ. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆవిడ దాచిందీ లేదు, చాటిందీ లేదు. మా వీధిలో కొందరు మగాళ్లు, ఆవిడకంటే చిన్నవాళ్లు కూడా, "ఏమ్మా టీచరమ్మా, ఎక్కడికి పోతన్నావ్?" అని ఏకవచనంలో పలకరించేవాళ్లు. ఆవిడ మాత్రం పాలేరును కూడా "అండీ" అనకుండా పిలిచేవారు కాదు. అది వినయమో, దెబ్బకు దెబ్బో నాకిప్పటికీ తెలియదు. రెండూ అయ్యుంటాయి.

మిరప నేలలో పుట్టి కూడా ఆవిడకు మిరప ఘాటు పడేది కాదు. కళ్లాల్లో కాయలు ఆరబోసే రోజుల్లో స్కూలు చుట్టూ ఊరంతా ఎర్రగా ఉండేది, ఆవిడకు ముక్కు ఎర్రగా ఉండేది. పాఠం మధ్యలో తుమ్మేవారు. ప్రతి తుమ్ముకీ "దేవా" అనేవారు. వెనక బెంచీ వెధవలు తుమ్ముకి ముందే "దేవా" అని ఎదురుచూసేవాళ్లు. ఆవిడకు నవ్వొచ్చేది, దాచుకునేవారు, దాచుకోవడంలో ఇంకో తుమ్మొచ్చేది.

పదో తరగతిలో మమ్మల్ని చంపుకుతిన్నది నౌన్ క్లాజ్. పరీక్షలో ఒక వాక్యం ఇచ్చి, అందులో గీత గీసిన క్లాజు ఏ పని చేస్తోందో చెప్పమంటాడు. సబ్జెక్టా, ఆబ్జెక్టా, కాంప్లిమెంటా? వేరే స్కూళ్లలో బట్టీ పట్టించేవాళ్లు. ఈవిడ మమ్మల్ని లేపి నిలబెట్టారు. మాలో ఒక్కొక్కరం ఒక్కొక్క మాట. "ద ఫార్మర్ నోస్ దట్ ద స్కై ఈజ్ నాట్ హిస్." ఆకాశం తనది కాదని రైతుకు తెలుసు. క్లాసులో అందరికంటే పొడుగైనవాడు "నోస్" అయ్యాడు. నేను "దట్". నా వెనక ఆడపిల్లలం చెయ్యీ చెయ్యీ పట్టుకుని వరసగా నిలబడ్డాం.

"ఒరేయ్ నోస్, అడగరా, ఏమిటి తెలుసు?"

వాడు మొహమాటపడుతూ "ఏం తెలుసు?" అన్నాడు. మేమంతా ఒక్కసారి మీదపడ్డాం.

"చూశారా? ఒక్కొక్కళ్లు పోలేదు, అందరూ కలిసి పోయారు. పెళ్లికి ఇంటిల్లిపాదీ వచ్చినా శుభలేఖ మీద పేరు ఒకటే రాస్తారు. ఈ గుంపంతా ఒక్క పేరు, ఒక్క కుర్చీ. చెయ్యి వదిలారంటే అర్థం ఊడిపోద్ది."

తర్వాత మా గుంపునంతా తీసుకెళ్లి వెర్బుకి ఇటువైపు నిలబెట్టారు. అప్పుడు మేం సబ్జెక్టు. నామవాచకం పక్కన నిలబెట్టారు. అప్పుడు మేం తోడుపెళ్లికూతురు, పక్కన కూర్చుని అదే సంగతి ఇంకోసారి చెప్పేవాళ్లం. చివర్న "ఈజ్" దగ్గరికి తెచ్చారు. "ఇది మామూలు వెర్బు కాదర్రా. ఇది కాటా ముల్లు. ఇటున్నదీ అటున్నదీ తూకం కుదిరితేనే నిలబడుద్ది. ఈజ్ కనిపిస్తే రెండు వైపులా చూడండి" అన్నారు. పత్తి తూకాల దగ్గర పెరిగినవాళ్లం. కాటా ముల్లు అంటే మాకు వేరే చెప్పక్కర్లేదు.

మాకో రోగం ఉండేది. గుంపులో మొదటి మాట చూడగానే కుర్చీ వేసేసేవాళ్లం. "దట్" కనిపిస్తే చాలు, "ఆబ్జెక్టండీ!" అని అరుపు. అప్పుడు ఆ చెయ్యి లేచేది. "వాక్యం మొత్తం వినకుండా ఎవరికీ కుర్చీ వెయ్యకండి." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. గ్రామరు కోసమే చెబుతున్నారనుకునేదాన్ని.

వేసవిలో చర్చి ఆవరణలో తాటాకు పందిరి కింద కూడికలు జరిగేవి. ఎక్కడెక్కడి నుంచో ప్రసంగీకులు వచ్చేవాళ్లు, ఒక్కోసారి తెల్లవాళ్లు కూడా. వాళ్ల ఇంగ్లీషును మైకులో తెలుగు చేసేది ఆవిడే. నేను వేయించిన బఠాణీల కోసం పోయేదాన్ని. మా అమ్మ మాత్రం ఆవిడ మాట కోసమే వచ్చేది. "దేవుడు ఎవరైతేనేమే, ఆవిడ చెప్తే ఎదురుగా కూర్చుని చెప్పినట్టుంటది" అనేది. అంతకుముందు తర్జుమా చేసినవాళ్లు తెల్లాయన ఊపిరి పీల్చిన చోటల్లా ఒక ముక్క తెలుగు పడేసేవాళ్లు. వినేవాళ్లకు వాక్యం తలకిందులుగా వచ్చేది. ఈవిడ అలా కాదు. తెల్లాయన "ఐ నో దట్" అని ఆగి, తర్జుమా కోసం చూసేవాడు. ఈవిడ పలికేవారు కాదు. చెయ్యి ఎత్తి నిలబడేవారు. జనం అటూ ఇటూ చూసేవాళ్లు, ఆయనకు చెమటలు పట్టేవి. ఇక గత్యంతరం లేక మిగతాది చెప్పేసేవాడు. అప్పుడు చెయ్యి దించి, మొత్తం వాక్యాన్ని మన తీరులో తిరగేసి, నింపాదిగా చెప్పేవారు.

ఎందుకలా అని అడిగాను ఒకసారి.

"వాళ్లు తలకాయ ముందు బయటపెడతారమ్మా. మనకి తలకాయ చివర్న వస్తుంది. అవునో కాదో, ఉందో లేదో, అన్నారో అనమన్నారో, మన మాటలో అంతా చివర్నే తేలుద్ది. మొత్తం బయటికొచ్చేదాకా ఆగకపోతే ఎద్దుని గేదె అని చెప్పేస్తాం."

నేను పదో తరగతిలో ఉన్న ఏడే మా పత్తికి తెల్లదోమ పట్టింది. మాకే కాదు, చుట్టుపక్కల అందరికీ. ఆకు మీద ముందు జిగురు, తర్వాత మసి. చేలోకి పోయి వస్తే లంగా అంచు నల్లబడేది. మందు కొట్టే కొద్దీ దోమ పెరిగింది. ఈ మందు కాదు ఆ మందు, ఆ మందు కాదు రెండూ కలిపి. మందులు అమ్మేదీ, ఊరికి ప్రెసిడెంటూ, స్కూలు కమిటీలో పెద్దా ఒక్కరే. పేరెందుకు, ప్రెసిడెంటుగారు అంటే చాలు. మనిషి చెడ్డవాడేం కాదు. మా నాన్న శవం మోసినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

పొద్దున చద్దన్నం తిని చేనికి వెళ్లిన మా నాన్న మధ్యాహ్నానికి మంచం మీద ఇంటికొచ్చాడు. ఎలా పోయాడో మా వైపు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలని నాకు లేదు.

పోలీసులు వచ్చేలోపు మా అరుగు మీద పెద్దమనుషులు ఒక మాట అనుకున్నారు. "పంట పోయి ఇట్టా చేశాడంటే లేనిపోని గొడవలమ్మాయ్. ఏ మందు కొట్టాడు, ఎక్కడ కొన్నాడు, అయ్యన్నీ అడుగుతారు. కడుపునొప్పి తాళలేక అని చెప్పు. ఎవరికీ ఇబ్బంది లేదు" అన్నాడు ప్రెసిడెంటుగారు. అదేమీ కొత్త మాట కాదు. మా ప్రాంతంలో అలా పోయినవాళ్లందరికీ కడుపునొప్పే. ఆ చలికాలం మా చుట్టుపక్కల ఊళ్లలో ఎందరికి కడుపునొప్పి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. అమ్మ తల ఊపింది. ఆ క్షణంలో ఆకాశం నల్లగా ఉందని చెప్పమన్నా ఊపేదే.

తర్వాత ఆ మాట ఆమెను తినడం మొదలుపెట్టింది. పొయ్యి దగ్గర కూర్చుని సగం తనలో, సగం నాతో అనేది. "రాళ్లు తిన్నా అరిగించుకునే మనిషే మీ నాన్న. కడుపునొప్పికి తాళలేక పోయాడంట! రేపు నీ పిల్లలు కూడా అదే చెప్పుకుంటారు. ఎందుకు పోయాడో ఒక్కళ్లయినా రాసుకోరా?" అమ్మకు కావలసింది అదొక్కటే. కానీ ప్రెసిడెంటుగారి మాట కాదని ఆ ఊళ్లో బతకడం ఎలాగో మాకు తెలియదు. చేను దున్నాలన్నా, విత్తనం తేవాలన్నా ఆ గుమ్మమే తొక్కాలి.

కళ్లాల్లో కాయలు ఆరబోసిన రోజుల్లో ఢిల్లీ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పత్తి రైతులు ఎందుకు పోతున్నారో కనుక్కోవడానికట. ఆయనకు తెలుగు రాదు. తర్జుమా చెయ్యడానికి వెంట రావలసిన మనిషి రాలేదు. "మన టీచరమ్మని పిలవండి, మన స్కూలు మనిషే" అన్నాడు ప్రెసిడెంటుగారు. స్కూలు వరండాలో కుర్చీలు వేశారు. అమ్మ కుర్చీలో కూర్చోనంది, స్తంభానికి ఆనుకుని కింద కూర్చుంది. నేను పక్కన. టీచరుగారు వచ్చి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా అమ్మకూ ఆఫీసరుకూ మధ్య నిలబడ్డారు.

ఆఫీసరు అడిగాడు. టీచరుగారు తెలుగులో అమ్మను అడిగారు. "మీ ఆయన ఎలా పోయారమ్మా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కడుపునొప్పి అని..." అంది. ఆగింది.

"అంతే సార్, స్టమక్ పెయిన్" అన్నాడు ప్రెసిడెంటుగారు. ఆఫీసరు తల ఊపి కలం తీశాడు.

ఆ చెయ్యి లేచింది.

అమ్మ వైపు కాదు. ఇటు ప్రెసిడెంటుగారికీ, అటు ఆఫీసరు కలానికీ అడ్డంగా.

"చెప్పిందిగదమ్మా, కడుపునొప్పి అని. ఇంకేముంది?" అన్నాడు ప్రెసిడెంటుగారు, నవ్వుతూనే.

"మాట అయిపోలేదండి. ఊపిరి తీసుకుంటోంది" అన్నారు టీచరుగారు.

వరండా బయట కళ్లంలో ఎవరో కాయలు తిరగేస్తున్నారు, ఆ ఘాటు గాలికి లోపలికి వస్తోంది. టీచరుగారి ముక్కు ఎర్రబడింది. నాకు తెలుసు, ఆవిడకు తుమ్మొస్తోంది. వచ్చింది. ఒళ్లంతా ఊగింది. ఎప్పుడూ అనే "దేవా" కూడా అనలేదు. చెయ్యి మాత్రం దిగలేదు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ప్రెసిడెంటుగారి నవ్వు నెమ్మదిగా ఆరిపోయింది. ఆవిడ ఆయన స్కూల్లో జీతానికి పనిచేసే మనిషి. ఆ సంగతి ఆ వరండాలో నాతో సహా అందరికీ తెలుసు. అమ్మ తలెత్తి ఆ చేతి వైపు చూసింది. పందిరి కింద ఎన్ని వేసవుల్లో చూసిన చెయ్యో అది.

"...చెప్పమన్నారండి" అంది అమ్మ.

ఇక ఆగలేదు. "ఆయనకి కడుపునొప్పి ఎరగమండి. రాళ్లు తిన్నా అరిగేయి. ఆ పొద్దున కూడా చద్దన్నం తిన్నాడు. ముందురోజు ఆకు తెంపి నాకు చూపించి, ఇంకేం మందు కొట్టాలో చెప్పేవాడు లేడే అన్నాడు. ఆ ఆకు ఇప్పటికీ చూరులో ఉందండి. చేను పోయిందనే పోయాడు. కడుపునొప్పి కాదు."

టీచరుగారు అంతా విన్నారు. చెయ్యి దించారు. అప్పుడు మొదలుపెట్టారు, ఒక్క మాట పోకుండా, "ఆమె అంటోంది" అనకుండా, అమ్మే ఇంగ్లీషులో మాట్లాడుతున్నట్టు. "వాట్ దే టోల్డ్ మి టు సే ఈజ్ దట్ హి హాడ్ స్టమక్ పెయిన్." వాళ్లు నన్ను చెప్పమన్నది ఆయనకి కడుపునొప్పి అని.

నేను పదో తరగతి పిల్లని. నాన్న పోయిన దుఃఖంలో కూడా నా బుర్ర ఆ వాక్యాన్ని పట్టుకుంది. మధ్యలో ఈజ్. ఇటువైపు ఒక గుంపు, అటువైపు ఒక గుంపు. కాటాలో ఒకవైపు కడుపునొప్పి, రెండోవైపు చెప్పమన్నవాళ్ల మాట. రెండూ సరిగ్గా తూగాయి. మా నాన్న ఆ కాటాలో ఎక్కడా లేడు. నాన్న పోయాక మొదటిసారి నాకు గుండె నిండా ఊపిరాడింది.

రాళ్లు అరిగే సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పారు. ఆఫీసరు నవ్వబోయి, అమ్మ ముఖం చూసి మానుకున్నాడు. ముందు రాయబోయింది వదిలేసి, ఇది రాసుకున్నాడు.

ఆయన వెళ్లాక ప్రెసిడెంటుగారు అన్నాడు, "నిన్ను పిలిపించింది నేనేగదమ్మా."

"అవునండి. తర్జుమా చెయ్యమని పిలిపించారు. చేశాను" అన్నారావిడ, గొడుగు తీసుకుంటూ.

ఆఫీసరు రాసుకున్నది ఏమైందో మాకు తెలియదు. మళ్లీ ఎవరూ రాలేదు, మాకేమీ ఇవ్వలేదు. కానీ వారం తిరక్కుండా పక్క వీధి ఆడమనిషి ఒకామె మా పెరటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆమె భర్తా ఆ చలికాలమే పోయాడు. "మా ఆయనకీ కడుపునొప్పి లేదొదినా" అంది. అమ్మ ఆమెను కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఇంకొకామె వచ్చింది. వాళ్లు మాట్లాడుకుంటుంటే అమ్మ ఎవర్నీ అడ్డుకోనిచ్చేది కాదు.

వేసవి సెలవులయ్యాక టీచరుగారికి అద్దంకి అవతల ఏదో చిన్న స్కూలుకి బదిలీ అన్నారు. అడిగినవాళ్లకు ఆవిడ కారణం చెప్పలేదు. బస్సు దగ్గర ట్రంకుపెట్టె పక్కన నిలబడి ఉన్నారు. "టీచరుగారూ, మా వల్లేగదండీ..." అన్నాను.

"పూర్తి చెయ్యమ్మా" అన్నారు.

చెయ్యలేకపోయాను. బస్సు వచ్చింది.

ఆ తర్వాత నేను నర్సునయ్యాను, ఆవిడ రిటైరై మంగళగిరిలో చెల్లెలి కూతురి దగ్గర చేరారు. పండక్కో, క్రిస్మస్‌కో వెళ్లి చూసి వచ్చేదాన్ని. ఆ రోజు గురించి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఇంట్లో మాత్రం ఆవిడ ధైర్యం గురించి అమ్మ చెప్పని రోజు లేదు. "పులి నోట్లో చెయ్యి పెట్టిన మనిషి" అనేది.

కిందటి నెల పక్షవాతం వచ్చిందని తెలిసి వెళ్లాను. మంచం మీద చిన్నపిల్లలా ఉన్నారు. నోరు ఒక పక్కకు లాగింది. కుడిచెయ్యి, ఆ చెయ్యి, దుప్పటి మీద ఎవరో పెట్టిపోయిన వస్తువులా పడి ఉంది. నన్ను గుర్తుపట్టారు. మాట ఒక్కొక్కటి లోతు బావిలోంచి తోడినట్టు వస్తోంది.

"ఆ... రోజు... చెయ్యి..." అన్నారు.

"చెయ్యి నొప్పి అంటోందక్కా" అంది చెల్లెలి కూతురు. మంచి పిల్ల, ప్రాణం పెట్టి చేస్తోంది. "పొద్దుట్నుంచీ అదే. నూనె రాస్తానుండు పెద్దమ్మా."

టీచరుగారు కళ్లు మూసుకున్నారు. ఆ కళ్లు మూసుకోవడం నాకు తెలుసు. వార్డులో రోజూ చూస్తాను. మన మాట మన నోట్లోంచి లాక్కుని ఇంకెవరో పూర్తి చేసేస్తే, ఇక వద్దులే అని మనుషులు అలాగే మూసుకుంటారు.

నాకు తెలియకుండానే నా కుడిచెయ్యి లేచింది. ఆ పిల్ల నూనె సీసాతో అక్కడే ఆగిపోయింది.

"పూర్తి చెయ్యండి టీచరుగారూ" అన్నాను.

ఆవిడ కళ్లు తెరిచి నా చేతిని చూశారు. చాలాసేపు చూశారు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. వీధిలో మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. నా భుజం లాగడం మొదలుపెట్టింది. అంతసేపు చెయ్యి ఎత్తి ఉంచడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది.

"ఆ రోజు... చెయ్యి దించితే... మళ్లీ... ఎత్తలేనేమోనని... భయపడ్డానమ్మా."

ఇన్నేళ్లూ మేం పులి నోరు, ధైర్యం అని చెప్పుకున్న మనిషి. ఆవిడ కంటి చివర్నుంచి నీళ్లు దిండు మీదికి జారాయి. నాకూ ఏడుపు ఆగలేదు.

"అయిపోయిందా టీచరుగారూ?"

"అయిపోయిందమ్మా" అన్నారు.

అప్పుడు చెయ్యి దించాను.